కాలం నడిచిన దారి – 14: సీమ ఎండలో చేతి గడియారం

1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చిందని పోయిన వారం చెప్పుకున్నాం. కడప మీదుగా పోయే రైళ్లు అంతకుముందు మద్రాసు అబ్జర్వేటరీ టైము మీద నడిచేవి. కొత్త టైము దానికన్నా తొమ్మిది నిమిషాలు ముందు. కాగితం మీద ఆ తొమ్మిది నిమిషాలు ఇట్టే సర్దుకున్నాయి, ఆకాశంలో సర్దుకోలేదు. ఈ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. కర్నూలు 78 డిగ్రీల మీద ఉంది, కడప 79కి కాస్త ఇవతల. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేసుకోండి. గడియారం పన్నెండు కొట్టేసరికి కడపలో సూర్యుడు నడినెత్తికి రావడానికి సగటున ఇంకా పావుగంట ఉంటుంది. కర్నూల్లోనైతే 18 నిమిషాలు.

సేద్యగాడికి ఈ తేడాతో పనిలేదు. పొద్దు పొడవకముందే మడక కట్టి, నీడ కాళ్ల కిందికి వచ్చేసరికి విప్పేవాడు. కానీ కోర్టు వాయిదా, రైలు, బడిగంట, కలెక్టరు కచేరీ ఆ నీడ మాట వినవు. సర్కారు టైము తలెత్తి చూస్తే కనిపించేది కాదు. దాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక చెడిపోకుండా నిలబెట్టుకోవాలి. తెచ్చిన రైలు గురించీ, మోసుకొచ్చిన తంతి తీగ గురించీ రాశాను. నిలబెట్టినవాళ్ల మాట ఇంకా రాలేదు.

కాలం చరిత్ర రాసేవాళ్లకు అబ్జర్వేటరీలు, చట్టాలు, ఫ్యాక్టరీలు సులువుగా దొరుకుతాయి, ఎందుకంటే వాటికి రికార్డులున్నాయి. కర్నూలు పాతబస్తీలో, కడప వై.వి. స్ట్రీట్లో, నంద్యాల, ప్రొద్దుటూరు బజార్లలో మూరెడు అద్దాల పెట్టె ముందు వంగి కూర్చున్న మనిషికి రికార్డు లేదు. కానీ అర్ధశతాబ్దానికి పైగా సీమలో సరైన టైము బతికింది అతని చేతిలోనే. మనం ఆయన్ని రిపేరీ మనిషిగానే చూశాం. ఆయన చేసిన పని గడియారం తయారుచేసేవాడి పనేనని నా నమ్మకం. అందుకు కారణాలు చెబుతాను.

చేతి గడియారం కన్నా ముందు జేబు గడియారం వచ్చింది. మద్రాసు రైలుమార్గం కడప దాటి 1871కల్లా రాయచూరు చేరి బొంబాయి లైనును కలిసింది. స్టేషన్ మాస్టర్లు, వకీళ్లు, మిషన్ బడుల దొరలు గొలుసు గడియారాలు పెట్టుకున్నారు. కర్నూలు పట్నానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా రైలు లేదు. డోన్‌లో దిగి ముప్పై మైళ్ల పైచిలుకు రోడ్డు మీద రావాలి. రైలు టైము కూడా ఆ రోడ్డు మీదే వచ్చింది, ఎవరి జేబులోనో కూర్చుని. ఆ గడియారాల్లో ఎక్కువ స్విట్జర్లాండ్‌వి. ఫావ్రే ల్యూబా కంపెనీ 1865లోనే బొంబాయి చేరింది. 1886 నుంచి వెస్టెండ్ పేరుతో వచ్చిన గడియారాలు మన దేశాన్నే ప్రధానమైన బజారుగా చేసుకున్నాయి. వెస్టెండ్‌లో బాగా పేరుపడ్డ మోడల్ పేరు సవార్. గుర్రపు సిపాయి అన్న మాట. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు గడియారాన్ని జేబులోంచి తీసి మణికట్టుకు కట్టుకున్నాక, ఊళ్లలో కూడా చేతి గడియారమే మర్యాద అయింది.

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మూడేళ్లు టెంట్లలో, అద్దె ఇళ్లలో నడిచిన ఆఫీసుల్లోని గుమాస్తాలకు, ఆఫీసర్లకు గడియారం అవసరం. దేశంలో చేతి గడియారం తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ అప్పటికింకా లేదు. దొరికేదంతా విదేశీ సరుకు, దిగుమతి మీద ఆంక్షలు. అంత కష్టపడి కొన్న వస్తువును ఆగిపోయిందని పారేసేవాడు ఎవడూ ఉండడు. బాగుచేసేవాడికి గిరాకీ, గౌరవం రెండూ అక్కడే మొదలయ్యాయి.

తర్వాతి కథ బెంగళూరుది. 1953లో ఏర్పడిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్, జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో అక్కడ గడియారాల ఫ్యాక్టరీ పెట్టింది. తొలి విడత గడియారాలను నెహ్రూ విడుదల చేశాడు. జనతా, పైలట్, కోహినూర్, సోనా, ఆడవాళ్లకు సుజాత, కీ ఇవ్వకుండానే నడిచే కాంచన్: ఈ పేర్లు యాభై దాటిన ప్రతి సీమవాసికీ తెలుసు. కర్నూల్లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. హెచ్.ఎం.టి. వాచీ మనకు పొరుగూరి సరుకు కిందే లెక్క. పెండ్లికొడుక్కి సైకిలు, రేడియో, వాచీ పెట్టడం ఆనవాయితీ అయింది. పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూసిన మామలున్నారు, వాచీ రాలేదని అలిగి కూర్చున్న అల్లుళ్లూ ఉన్నారు.

జనతా లోపల ఏముందో చూద్దాం. పొద్దున్నే కీ తిప్పితే చిన్న డబ్బాలో చుట్టిపెట్టిన ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. అది ఒకటిన్నర రోజు పాటు మెల్లగా విప్పుకుంటూ పళ్లచక్రాలను తోస్తుంది. అడ్డం లేకపోతే చక్రాలన్నీ క్షణాల్లో గిర్రున తిరిగి ఆగిపోతాయి. అందుకే చివరి చక్రం ముందు రెండు కెంపురాళ్లు బిగించిన చిన్న ఫోర్కు కాపలా ఉండి, పన్ను తర్వాత పన్నును లెక్కపెట్టి వదులుతుంది. ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది బ్యాలెన్స్ చక్రం. ఆ చక్రాన్ని అటు పోనిచ్చి ఇటు లాక్కొచ్చేది హెయిర్ స్ప్రింగు, పేరుకు తగ్గట్టు వెంట్రుక కన్నా పల్చనిది. చక్రం ఒకవైపు ఊగితే ఒక టిక్కు. సెకనుకు 5, గంటకు 18,000. రోజంతటికీ లెక్క కడితే 4,32,000. కలియుగానికి మన పంచాంగాలు చెప్పే సంవత్సరాలు కూడా సరిగ్గా అన్నే. కాకతాళీయమే, అయినా పంచాంగం తిరగేసే ఇంట్లో పెరిగిన నాకు ఆ అంకె కనబడినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. అలాంటి వాచీ రోజుకు 10 సెకన్లు తప్పిందంటే 8,640 టిక్కుల్లో ఒక్కటి తేడా వచ్చినట్టు. సామాన్యుడు కొనుక్కున్న ఎన్ని వస్తువులు అంత నిక్కచ్చిగా పనిచేశాయి?

ఈ నిక్కచ్చితనానికి సీమలో ఇద్దరు శత్రువులు, ఎండా దుమ్మూ.

ముందు ఎండ. మామూలు ఉక్కుతో చేసిన హెయిర్ స్ప్రింగు వేడెక్కితే బలం తగ్గుతుంది. ఒక డిగ్రీకి రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబడుతుంది. కర్నూల్లో జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా మామూలే. పాతకాలపు చౌక గడియారం సంక్రాంతికి సరిగ్గా నడిచి, ఎండాకాలంలో రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడిందంటే తప్పు వాడినవాడిది కాదు, లోహానిది. ఈ చిక్కు విప్పినవాడు షార్ల్ ఎద్వార్ గియోమ్. స్విట్జర్లాండ్‌లో గడియారాల పని చేసే కుటుంబంలో పుట్టి, పారిస్ దగ్గరి అంతర్జాతీయ కొలతల సంస్థలో పనిచేశాడు. నికెల్ కలిపిన ఉక్కు వేడికి దాదాపుగా సాగదని కనిపెట్టి 1920లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. 1933లో నివారాక్స్ స్ప్రింగులు వచ్చాక మామూలు గడియారాలకు కూడా ఎండ బాధ చాలావరకు తప్పింది. గియోమ్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. రాయలసీమ వాళ్లం మాత్రం ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

స్ప్రింగు మారింది గానీ నూనె మీద ఎండ ప్రభావం పోలేదు. ఒకప్పుడు గడియారాల నూనెను సముద్రంలో తిరిగే పార్పాయిస్ దవడ కొవ్వు నుంచి తీసేవాళ్లు. తర్వాత స్విస్ మోబియస్ నూనెలు వచ్చాయి. ఏ నూనె అయినా వేడికి పారుతుంది, తర్వాత ఎండి బంకలా పడుతుంది. ఆ బంకకు దుమ్ము అంటుకుంటే అది ఆకురాయి పని చేస్తుంది. అందుకే పచ్చని ప్రాంతాల్లో నాలుగైదేళ్లకోసారి చేయించే సర్వీసింగు మన దగ్గర రెండు మూడేళ్లకే అవసరమయ్యేదని నాకు రిపేరీ బల్లల దగ్గర తెలిసింది. పనివాళ్లు దాన్ని ఓవరాయిలింగ్ అంటారు.

కొండారెడ్డి బురుజుకి నడక దూరంలో ఉన్న అలాంటి ఒక బల్ల దగ్గర నేను చాలా మధ్యాహ్నాలు గడిపాను. ఓ రోజు బేతంచెర్ల నుంచి ఒకాయన వచ్చాడు. చేతి గుడ్డ విప్పి జనతా వాచీ బయటికి తీశాడు.

"భాయ్, ఇది మా నాయనది. పెండ్లిలో మా తాత పెట్టినాడు. శానా దినాలుగా నిలబడిపోయింది."

బల్ల పెద్దాయన కంటికి అద్దం తగిలించి, వెనక మూత తీసి, దీపం కిందికి వంచాడు.

"అన్నా, నాపరాళ్ల పాలిష్ మిషన్ కాడ పనా నీది?"

"ఔ భాయ్. నీకెట్ల తెలిసె?"

"రాతిపొడి ఉందిలే లోపల. రేపు సాయంత్రం రా."

ఆ సాయంత్రం దాకా ఆయన చేసింది చూశాను. ముందు బిగిసి ఉన్న స్ప్రింగును చేత్తో ఆపుకుంటూ మెల్లగా వదిలాడు. అది వదలకుండా వంతెన విప్పితే చక్రాల పళ్లు ఊడిపోతాయి. ముళ్లు తీశాడు, డయల్ తీశాడు. బ్యాలెన్సును దాని పట్టుతో సహా ఎత్తి పక్కన బోర్లించాడు. ఫోర్కు, పళ్లచక్రాలు, డబ్బా ఒక్కొక్కటీ గాజు గిన్నెలో పెట్రోలులోకి జారాయి. గిన్నె అడుగున బూడిదరంగు పొడి తేలింది. అగ్గిపుల్ల చివరను బ్లేడుతో సూదిలా చెక్కి, ప్రతి కెంపురాయి చిల్లులోనూ తిప్పాడు. ఆ పుల్ల నల్లబడితే మళ్లీ చెక్కడం, మళ్లీ తిప్పడం, తెల్లగా బయటికొచ్చేదాకా. నూనె పెట్టేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాడు. సూదిమొనకు అంటిన బొట్టు రాయి గుంటలో సగం వరకే నిండాలి. ఎక్కువైతే పక్కకు పారుతుంది, ఫోర్కు ఇరుసులకైతే అసలు తగలకూడదు. తిరిగి బిగించి, బ్యాలెన్స్ కూర్చోబెట్టగానే చక్రం తనంతట తాను ఊగడం మొదలుపెట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రెండు టిక్కుల మధ్య ఎడం సమంగా ఉందో లేదో యంత్రం చెప్పకముందే ఆయన చెవి చెప్పేసింది.

ఈ బల్లల చుట్టూ ఒక అపనింద తిరిగేది. "లోపలి రాళ్లు కొట్టేస్తారు, దగ్గర కూర్చుని చేయించుకో" అని పెద్దవాళ్లు పిల్లలకు చెప్పి పంపేవాళ్లు. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండటమే దీనికి మూలం. ఆ రాళ్లు కెంపులే, అయితే కొలిమిలో తయారైనవి. ఫ్రాన్సులో వెర్నాయ్ 1902లో ప్రకటించిన పద్ధతి వచ్చాక వాటి ధర నామమాత్రం అయిపోయింది. ఇరుసు అరగకుండా తిరగడానికి గట్టి, నునుపైన చిల్లు కావాలి, అందుకే ఆ రాయి. దొంగిలించి అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు. నిజాయితీగా బతికిన వందల మంది పనివాళ్లు ఈ అనుమానపు చూపుల మధ్యే పని చేశారని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

వాచీ కిందపడితే మొదట విరిగేది బ్యాలెన్స్ ఇరుసు కొన. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. హెచ్.ఎం.టి. వాచీల్లో దెబ్బ తట్టుకునే పారాషాక్ ఏర్పాటు ఉండేది, పాత స్విస్ వాచీలు చాలావాటికి అది లేదు. ఇరుసు విరిగింది, కంపెనీ ఏనాడో మూతబడింది, స్పేరు దొరకదు. అప్పుడేం చేయాలి? ఉక్కు కడ్డీ ముక్కను నీలిరంగు తేలేదాకా కాచి, చేతి లేత్‌లో బిగించి, చిన్న ఉలితో కొంచెం కొంచెంగా తరిగి, కొనలు నునుపు పట్టి, చక్రానికి రివిట్ కొట్టాలి. చక్రం ఒకవైపు బరువెక్కకుండా తూకం సరిచూడాలి. ఇన్ని మెట్లు దాటాక కొత్త ఇరుసు పుడుతుంది. అది ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు. కర్నూలు అరుగు మీద పుట్టింది.

ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపంలో జార్జ్ డానియల్స్ అని ఒకాయన ఉండేవాడు. డయల్ నుంచి స్క్రూ దాకా తన చేతులతోనే చేసేవాడు. ఆయన కనిపెట్టిన కొత్తరకం ఎస్కేప్‌మెంటును (పళ్లను లెక్కపెట్టి వదిలే ఏర్పాటును) ఒమేగా కంపెనీ 1999లో బజారుకు తెచ్చింది. 2011లో పోయేనాటికి ఆ రంగంలో ఆయన్ని మించినవాడు లేడు. ఒంటరిగా పనిచేసే అలాంటి గడియారకారుల కోసం 1985లో స్వెండ్ ఆండర్సన్, విన్సెంట్ కలబ్రీజ్ ఒక సంఘం పెట్టారు. వాళ్ల పనిని ప్రపంచం కళ అంది, వేలంపాటల్లో కోట్లు పెట్టి కొంది. మన బల్ల పెద్దాయన డానియల్స్ అంతటివాడని నేను అనను. కొత్త యంత్రాన్ని ఊహించడం వేరు, విరిగినదాన్ని నిలబెట్టడం వేరు. కానీ ఉలి పట్టిన చెయ్యి, అద్దం పెట్టిన కన్ను, ఉక్కు ఎంత కాగితే ఏ రంగు తేలుతుందన్న ఎరుక ఇద్దరిలోనూ ఒకటే. ఆ ఎరుక కర్నూల్లో మెచ్చుకోలు లేకుండానే బతికింది.

పని నేర్చుకునే తీరు కూడా గురుకులం తీరే. కుర్రాడు పదేళ్లకు చేరితే ముందు బల్ల తుడవడం, తర్వాత బెల్టులు, గాజులు మార్చడం. టైంపీసు విప్పనిచ్చేసరికి ఏడాది గడిచేది. ఆ తర్వాత గోడ గడియారం, మగవాళ్ల వాచీ, అన్నిటికన్నా చివర ఆడవాళ్ల చిన్న వాచీ. ఐటీఐల్లో ఈ పనికి ఒక ట్రేడు కూడా ఉండేది గానీ, నేను చూసిన చేతులన్నీ బల్ల దగ్గర తయారైనవే. వాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్లు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన పని.

బాగుచేసిన వాచీకి సరైన టైము ఎక్కడ దొరికేది? రేడియోలో. పొద్దున ఏడింటి వార్తలకు ముందు వచ్చే బీప్‌ల కోసం బల్ల మీద వాచీలన్నీ కీ బయటికి లాగి సిద్ధంగా ఉండేవి. చివరి బీప్‌తో పాటు పనివాడు వాటిని నొక్కేవాడు. మర్నాడు మళ్లీ అదే బీప్‌కి తేడా చూసి, బ్యాలెన్స్ పక్కనున్న చిన్న ముల్లును వెంట్రుకవాసి జరిపేవాడు. ఒకప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ నుంచి తంతి తీగ మీద కడప స్టేషనుకు వచ్చిన కాలమే, ఇప్పుడు ఢిల్లీ నుంచి గాలిలో వచ్చి ఈ చిన్న ముల్లు దగ్గర ఆగేది. అక్కడి నుంచి అది ఎక్కడెక్కడికి పోయిందో చూడండి. కేసీ కాలువ కింద నీటి వంతులకు, బోర్లు వచ్చాక అర్ధరాత్రి విడతలో ఇచ్చే వ్యవసాయ కరెంటుకు. రెండింటికి కరెంటు వస్తుందంటే రైతు రెండుకు లేవాలి. చుక్కను చూసి లేస్తే మడి ఎండిపోతుంది.

ఆ బోరు మోటారు వల్ల వాచీలకు ఇంకో జబ్బు కూడా వచ్చింది. మోటారు, రేడియో స్పీకరు పక్కన పెట్టిన వాచీ ఉన్నట్టుండి గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరుగెత్తేది. స్ప్రింగు చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకోవడమే కారణం. పనివాడు వాచీ మీద చిన్న దిక్సూచి పెట్టి, ముల్లు వణికితే జబ్బు తేల్చేవాడు. కరెంటు తీగ చుట్టలోంచి వాచీని ఒకసారి మెల్లగా దూర్చి లాగితే నయమయ్యేది. పట్టేది అరనిమిషం. డబ్బులు తీసుకోనివాళ్లు చాలామంది ఉండేవాళ్లు.

ఈ లోకాన్ని మార్చింది క్వార్ట్జ్. 1969 డిసెంబర్ 25న సైకో అమ్మకానికి పెట్టిన ఆస్ట్రాన్‌తో అది మొదలైంది. తర్వాత మామూలైపోయిన క్వార్ట్జ్ వాచీలో సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఒక బ్యాటరీ, అంతే. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ ఆల్విన్ అదే సైకో సహకారంతో 1980లలో వాచీలు చేసి అమ్మింది, తర్వాతి దశకంలోనే ఆ కథ ముగిసింది. 1984లో పుట్టిన టైటాన్ హోసూరులో ఫ్యాక్టరీ పెట్టి, క్వార్ట్జ్‌నే నమ్ముకుని గెలిచింది. హెచ్.ఎం.టి. కీ వాచీని వదల్లేక, క్వార్ట్జ్‌ను సరిగా పట్టుకోలేక వెనకబడింది. 2016 జనవరిలో కేంద్రం హెచ్.ఎం.టి. వాచెస్ మూతకు ఒప్పుకుంది. అనంతపురం సరిహద్దుకు అంత దూరం కాని తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రో చేతికి వెళ్లింది.

బల్లలు మాత్రం ఒక్కసారిగా మూతపడలేదు. బ్యాటరీలు మార్చారు, సెల్‌ఫోన్ గాజులు వేశారు, తాళాలు చేశారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు తాతల జనతాలను వెతికి తెచ్చి కట్టుకుంటున్నారు, పాత వాచీలు సేకరించేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. మంచిదే. దాంతోపాటు మోసం కూడా వచ్చింది. పాత డయల్‌కి కొత్త రంగు పూసి, ఎప్పుడూ లేని రంగుల్లో అచ్చు కొట్టి, అసలుదని అమ్ముతున్నారు. అక్షరాలు అలికినట్టున్నా, నిమిషాల గీతలు అంచుకు సరిగ్గా ఆనకపోయినా అనుమానించండి. ఇంట్లో పెట్టెలో పడి ఉన్న వాచీ దొరికితే సంబరంలో వెంటనే కీ ఇవ్వకండి. ఎండిన నూనెతో ఒక్క రోజు నడిచినా ఇరుసులు అరుగుతాయి. ముందు ఓవరాయిలింగ్ చేయించండి. స్పేర్లు ఇప్పుడు కొత్తవి రావు, చచ్చిన వాచీల డబ్బాలోంచే రావాలి. పనికిరాదని పారేసే వాచీ ఉంటే దాన్నీ ఆ బల్ల మీదే పెట్టి రండి.

వచ్చే వారం గోడ గడియారాలు. ఇత్తడి కాడతో వేలాడే లోలకం 15 డిగ్రీల వేడి పెరిగితే సాగి, రోజుకు 12 సెకన్లు వెనకబడుతుంది. అందుకే మంచి గడియారాలకు కర్ర కాడ పెట్టారు. ఏ కర్ర, ఎందుకు అన్న దగ్గర్నుంచి మొదలుపెడదాం.

(ఇంకా ఉంది)